ఎదురుబండికి లైటు దించిన రోజులు

మొన్న మా చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ముందు ఓ కొత్త కారుకి పూజ జరుగుతోంది. మా వీధి కుర్రాడిదే. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు, బానెట్టు మీద పసుపు కుంకుమలు దిద్దారు, గుమ్మడికాయ కొట్టారు. నన్ను చూసి, "తాతగారూ, మీరు పాత డ్రైవరు కదా, ఓసారి కూర్చుని చెప్పండి" అని తలుపు తీశాడు. కూర్చున్నాను. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. బెల్టు గుచ్చే గాడిలో మాత్రం ఓ బిళ్ల అప్పటికే దిగి ఉంది. బెల్టేమో పక్కన స్తంభానికి చుట్టుకుని అలాగే ఉంది. గాడిలో ఉన్నది ఉత్త బిళ్ల.

"ఏటి బాబూ ఇది?" అన్నాను.

"బెల్టు పెట్టుకోకపోతే గంట మోగుతాదండి. అది గుచ్చితే మోగదు."

పది పన్నెండు లక్షలు పోసి బండి కొన్నాడు. మొదట కొన్న సామాను ఆ బిళ్ల! ఆ గంట కంపెనీవాడు సరదాకి పెట్టింది కాదు. 2019 జులై 1 నుంచి ముందు సీట్లకి బెల్టు గంట, 80 దాటితే స్పీడు గంట, డ్రైవరుకి ఎయిర్‌బ్యాగు ఉండి తీరాలని ప్రభుత్వం నిబంధన పెడితే వచ్చిన గంట అది. ఈ బిళ్లలు అమ్మొద్దని 2023 మేలో వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ దుకాణాలకి ఉత్తర్వులు కూడా ఇచ్చింది. అయినా మా ఊరిదాకా వచ్చేసింది. గుడి ముందు నిలబడ్డ పదిమందిలో దాని గురించి అడిగినవాడు ఒక్కడు లేడు. అందరూ అడిగింది ఒకటే: "లీటరుకి ఎంతిస్తాది?"

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. యాభై ఏళ్లుగా వింటున్నాను.

నేను 1973లో లైసెన్సు తీసుకున్నాను. అంతకు ముందు రెండేళ్లు మా గురువుగారి దగ్గర క్లీనరుగా ఉన్నాను. బండి కడగడం, రేడియేటరుకి నీళ్లు మొయ్యడం, పొద్దున్నే హ్యాండిలు తిప్పి స్టార్టు చెయ్యడం, టైరు విప్పి ట్యూబుకి పంక్చరు వెయ్యడం. ఆ రెండేళ్లలో స్టీరింగు ముట్టుకోనిచ్చింది చివరి ఆరు నెలలే. ముందుగా పక్క సీట్లో కూర్చోబెట్టి, ఎదురొచ్చే ప్రతి బండినీ చూపించి, "వాడిప్పుడేం చేస్తాడో చెప్పు" అనేవారు. చెప్పలేకపోతే నెత్తి మీద ఒక్కటి పడేది. బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు పరీక్షకి నిలబడ్డప్పుడు చేతి సైగలన్నీ చేయించారు, ఎత్తు మీద బండి ఆపి వెనక్కి జారకుండా కదిలించమన్నారు, సందులో రివర్సు తీయించారు. ఇప్పుడు పదిహేను రోజులు నేర్పి, పదహారో రోజున చేతికి తాళాలు ఇస్తున్నారు. ఆ పదిహేను రోజుల్లో నేర్పేది బండి కదిలించడం. ఎదుటివాడిని చదవడం ఎవరు నేర్పుతున్నారు?

అప్పటి అంబాసిడర్లో లైటు దించే స్విచ్చి చేతికి ఉండేది కాదు. క్లచ్చి పక్కన నేల మీద, ఎడమ పాదం కింద గుండీలాగ ఉండేది. ఎదురుబండి లైటు దూరాన మిణుక్కుమనగానే కాలు దానంతటదే వెళ్లి నొక్కేది. అటువాడూ దించేవాడు. ఇద్దరూ చీకట్లో ఒకళ్లకొకళ్లు దారి చూపించుకుని దాటిపోయేవాళ్లు. ముఖం తెలీదు, ఊరు తెలీదు, అయినా ఆ మర్యాద ఉండేది. డిప్పరు కొట్టనివాడిని మరుసటి రోజు టాక్సీ స్టాండులో పేరుపెట్టి తిట్టుకునేవాళ్లం. మా గురువుగారు ఒకటే మాట అనేవారు: "ఎదురొచ్చేవాడి కళ్లు కూడా మన కళ్లేరా. వాడికి కనపడకపోతే వచ్చి గుద్దేది మననే."

ఇప్పుడు సాయంత్రం ఏడు దాటాక అనకాపల్లి నుంచి చోడవరం రావాలంటే నాకు భయం. తుమ్మపాల దాటిన దగ్గర్నుంచి ఎదురొచ్చే ప్రతి బండీ తెల్లటి ఎల్‌ఈడీ లైట్లు పూర్తిగా ఎత్తి వస్తుంది. మనం రెండుసార్లు డిప్పరు కొట్టి అడిగితే, వాడు కోపంతో ఇంకో రెండు లైట్లు వేస్తాడు. పెద్దబండ్ల లైట్లు దించినా సరే, చిన్నకారులో కూర్చున్నవాడి కళ్లకి సూటిగా వచ్చి తగులుతాయి. నా మారుతిలో కూర్చుంటే నా తల వాళ్ల బానెట్టు ఎత్తున ఉంటుంది మరి. ఆ నాలుగైదు క్షణాలు రోడ్డు లేదు, అంచు లేదు, సైకిలువాడు లేడు. నమ్మకం మీద పోవడమే.

ఆ రోజుల్లో రోడ్డు ఇంతకన్నా ఇరుకు. భీమిలి నుంచి నర్సీపట్నం వెళ్లే మా బీఎన్ రోడ్డు మీద రెండు బస్సులు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. రాత్రుళ్లు బెల్లం బళ్లు వరసగా అనకాపల్లి బజారుకి పోయేవి. బండివాడు దిమ్మల మీద దుప్పటి కప్పుకుని నిద్రపోయేవాడు, ఎడ్లకి దారి తెలుసు. ప్రతి బండికీ ఇరుసు కింద ఓ లాంతరు వేలాడేది. మసిబారిన చిమ్నీలోంచి ఎర్రగా, చక్రం పడిన గోతికల్లా అటూ ఇటూ ఊగుతూ కనిపించేది. అరమైలు ముందే తెలిసిపోయేది, అక్కడో ప్రాణం ఉందని. ఇంట్లో కిరసనాయిలుకి కటకటలాడే రైతు కూడా బండికి లాంతరు మాత్రం వెలిగించేవాడు. ఇప్పుడు పది టన్నుల చెరకు ఎత్తిన ట్రాక్టరు ట్రైలరుకి వెనక ఒక్క ఎర్రబిళ్ల ఉండదు. మట్టిరంగు ఇనపరేకు, బయటికి వేలాడే చెరకు కొసలు, అంతే.

పెట్రోలు ఆదాకి మావాళ్లు చేసిన తప్పు కూడా చెప్పాలి. మా రోజుల్లో అంతా బంగారమని నేననను. మాడుగుల మీదుగా గరికబంద ఎక్కి పాడేరు వెళ్లే ఘాటీలో కిరాయిలు తోలేవాళ్లం. అంబాసిడరు లీటరుకి తొమ్మిది, పది కిలోమీటర్లు ఇస్తే గొప్ప. కిరాయిలో మిగిలేది ఆ పెట్రోల్లోనే. అందుకని దిగేటప్పుడు కొందరు ఇంజను ఆపి న్యూట్రల్లో వదిలేసేవారు. ఒకసారి నేనూ వదిలాను. మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతుంటే డ్రమ్ములు కాలి, లైనింగు మాడిన వాసన లోపలికి వచ్చింది. ఆ తర్వాత పెడలు మెత్తబడింది. తొక్కితే లోపలికి పోతోంది గాని బండి ఆగడం లేదు. కొండవైపు గట్టుకి రాసి ఆపాను. లోపల ఉన్నది ఓ బాలింత, చంటిబిడ్డ, వాళ్లమ్మ. మా గురువుగారికి తెలిసి వారం రోజులు తాళాలు ఇవ్వలేదు. "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి" అన్నది ఘాటీ డ్రైవర్ల మాట. దాన్ని ఆ వారమంతా నాతో పొద్దున్నా సాయంత్రం అనిపించారు. ఎంత మిగిలిందా పెట్రోలు? అరలీటరు ఉంటుందేమో. ఆ రోజు తర్వాత మైలేజీ అనే మాట వింటే నాకు ముందు ఆ మాడిన వాసనే గుర్తొస్తుంది.

ఘాటీలో ఇంకో ధర్మం ఉండేది. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. ఎక్కేవాడు ఆగితే మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారితే లోయ. ఇది చట్టంలోనూ ఉంది. మాకు చట్టం తెలీదు గాని ఈ ధర్మం తెలుసు. దిగేవాడు మలుపుకి ముందే హారన్ కొట్టి, అంచుకి ఆపి, చెయ్యి ఊపి రమ్మనేవాడు. ఎక్కినవాడు దాటుతూ చెయ్యెత్తి దణ్ణం పెట్టేవాడు. ఇప్పుడు సెలవురోజున ఆ ఘాటీకి వెళ్లి చూడండి. దిగే కార్లు మలుపులో ఓవర్‌టేకు చేస్తాయి, ఎక్కే బస్సుని వెనక్కి పొమ్మని హారన్లు కొడతాయి.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళం ఇచ్చారు. మా ఊళ్లోకి ఆ బండి రావడానికి ఇంకో రెండు మూడేళ్లు పట్టింది. మా స్టాండులో అంతా దాన్ని అగ్గిపెట్టె అన్నారు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను, ఆరున్నర క్వింటాళ్ల బరువు. గోతిలో దిగబడితే నలుగురం పట్టి ఎత్తి పక్కన పెట్టేవాళ్లం. నేను 1993లో సెకండ్‌హ్యాండులో ఒకటి కొన్నాను. పొద్దున్నే తాళం తిప్పగానే స్టార్టయింది. హ్యాండిల్ కొట్టీ కొట్టీ భుజం అరిగినవాడికి ఆ సుఖం మాటల్లో చెప్పలేను. లీటరుకి పదహారు, పదిహేడు ఇచ్చింది. పిల్లల చదువులు, కూతురి పెళ్లి ఆ తేడాలోంచే చేశాను. చిన్నబండిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు కోపం. ఇరుకు సందులో పడుతుంది, ఎదుటివాడికి చోటు మిగులుస్తుంది, తక్కువ తాగుతుంది. మన రోడ్లకి కొలిచి కుట్టినట్టుండేది.

దాని రేకు పలచనన్న మాటా నిజమే. 2014 జనవరిలో మారుతి 800 తయారీ ఆగిపోయింది, అదే ఏడు మేలో అంబాసిడరు ఆగింది. అదే జనవరి చివర్లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే ఐదు చిన్నకార్లని గోడకి గుద్ది చూసి, ఐదింటికీ పెద్దవాళ్ల రక్షణలో సున్నా ఇచ్చింది. అందులో ఆల్టో ఉంది, నానో ఉంది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లు ఎంతమందిని ఎక్కించుకుని తిరిగానో లెక్క వేసుకున్నాను. అప్పట్నుంచీ మన ప్రభుత్వమూ కదిలింది. గుద్ది చూడకుండా కొత్త మోడలు అమ్మకూడదన్నారు, ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అన్నారు, 2023లో మన సొంత భారత్ ఎన్‌క్యాప్ పెట్టారు. బండి గట్టితనంలో ఇప్పటి రోజులే మేలు, ఒప్పుకుంటాను. నా బాధ అక్కడే ఉంది. బండి ఇంత గట్టిపడితే దాన్ని తోలే మనిషి ఎందుకింత పలచబడ్డాడు? ఎయిర్‌బ్యాగు రెప్పపాటులో తెరుచుకుంటుంది. బెల్టు పట్టి ఉంచితేనే అది మనకి దిండు. బెల్టు లేనివాడు ముందుకి విసిరిపడి, అది తెరుచుకునే విసురుకి ముఖం అప్పగిస్తాడు. ఆ బిళ్ల గుచ్చినవాడు గంట ఒక్కటే ఆపాననుకుంటున్నాడు. ఎయిర్‌బ్యాగుని కూడా పాడుచేసుకున్నాడని ఎవరూ చెప్పలేదు వాడికి.

చిన్నబండి కాబట్టి చస్తున్నాం అనేవాళ్లకి జపాన్ సంగతి చెప్తాను. మా తమ్ముడి కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్లూ మనలాగే ఎడమవైపు తోలతారు. అక్కడ 'కే' కార్లని ఉన్నాయి. ఇంజను 660 సీసీ దాటకూడదు, పొడవు 3.4 మీటర్లు దాటకూడదు, వాటికి పసుపుపచ్చ నంబరు ప్లేటు. నా మారుతి ఇంజను కన్నా చిన్నవి! అమ్ముడయ్యే కొత్తకార్లలో మూడోవంతుకి పైగా అవే. అంత చిన్నకార్లతో అంత పెద్ద దేశం తిరుగుతుంటే 2023లో అక్కడ రోడ్డు మీద చనిపోయినవాళ్లు 2,678 మంది. వాళ్ల జనం పన్నెండు కోట్లు. మన ఆంధ్రలో ఐదు కోట్ల మందిమి, ఏడాదికి ఎనిమిది వేల పైచిలుకు ప్రాణాలు పోగొట్టుకుంటున్నాం.

వాళ్లు పుట్టుకతో బుద్ధిమంతులేం కాదు. 1970లో ఆ దేశంలో ఒక్క ఏడాదిలో 16,765 మంది రోడ్ల మీద పోయారు. ట్రాఫిక్ యుద్ధమని పేరు పెట్టుకున్నారు దానికి. అప్పుడు మేలుకుని నడిచేవాళ్లకి కాలిబాటలు వేశారు, సిగ్నళ్లు పెట్టారు, బడిలోనే పిల్లలకి నేర్పారు. మావాడు ఓ వీడియో పంపాడు. ఒకటో తరగతి పిల్లలు పసుపుపచ్చ టోపీలు పెట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తి రోడ్డు దాటుతున్నారు. ఓ చిన్నకారు ఆగింది. దాటిన పిల్ల వెనక్కి తిరిగి ఆ కారుకి వంగి నమస్కారం పెట్టింది. నేనా వీడియో ఎన్నిసార్లు చూశానో. మా పాడేరు ఘాటీలో చెయ్యెత్తిన డ్రైవర్లు గుర్తొచ్చారు. మన దగ్గరా ఉండేది కదా ఇది!

అమెరికా ఇంకో తీరు. 2016లో మా అమ్మాయి దగ్గర డల్లాసులో ఆరు నెలలున్నాను. అక్కడ అన్నీ పెద్దబండ్లే, పికప్పు పక్కన నిలబడితే దాని బానెట్టు నా ఛాతీ దాకా వచ్చింది. ఆ దేశాన్ని నెత్తిన పెట్టుకోను, 2022లో అక్కడా 42 వేల మందికి పైగా పోయారు. ఒక రాత్రి మాత్రం మర్చిపోలేను. ఫ్రెండ్సింటి నుంచి వస్తున్నాం, ఒంటిగంట దాటింది. నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రటి స్టాపు బోర్డు. ఏ దిక్కునా పురుగు లేదు. మా అల్లుడు బండి పూర్తిగా ఆపాడు. ఎడమకి చూశాడు, కుడికి చూశాడు, మళ్లీ ఎడమకి చూసి కదిలాడు.

"ఎవరూ లేరు కదండీ?" అన్నాను.

"ఉన్నా లేకపోయినా ఆగాలండీ మావయ్యగారూ. అలవాటైపోయింది."

నా కళ్లు చెమర్చాయి. చోడవరం పిల్లవాడు, గాంధీగ్రామంలో సైకిలు తొక్కిన పిల్లవాడు!

అదే అల్లుడు 2024 సంక్రాంతికి వచ్చాడు. విశాఖలో కారు అద్దెకి తీసుకున్నాడు. అనకాపల్లి దగ్గర హైవే మీద మలుపు తప్పింది. ముందుకెళ్లి తిరిగి రావాలంటే మూడు కిలోమీటర్లు. వెంటనే ఖాళీ ఉన్నచోట తిప్పి, ఎదురు లారీల మీదికి రాంగ్ రూటులో అరకిలోమీటరు తోలాడు. వెనక నా ఇద్దరు మనవలు, బెల్టులు లేవు. నేను ఆపమని అరిచాను.

"ఇక్కడందరూ ఇంతేనండీ మావయ్యగారూ. అక్కడైతే ఫైను పడతాది, ఇన్సూరెన్సు పెరుగుతాది. ఇక్కడ మనొక్కళ్లం పద్ధతిగా వెళ్తే వెనకవాడొచ్చి గుద్దుతాడు."

ఆ రోజు ఇంటికొచ్చేదాకా నేను మాట్లాడలేదు. మనవాళ్ల రక్తంలోనే క్రమశిక్షణ లేదనేవాళ్లు చాలామంది ఉన్నారు. అది పచ్చి అబద్ధం. ఒకే మనిషి, అవే చేతులు, అవే కళ్లు. డల్లాసులో ఖాళీ కూడలికి విలువిచ్చినవాడు అనకాపల్లిలో ఎదురొచ్చే లారీకి ఇవ్వలేదు. అక్కడ మన భాష తెలీని అపరిచితుల కోసం ఆగేవాడు ఇక్కడ సొంత మేనత్తలూ మేనమామలూ తిరిగే రోడ్డు మీద ఆగడు. ఇది నన్ను ఇప్పటికీ తొలిచేస్తోంది. చలానా భయం ఒకటే అయితే మా కుర్రతనంలో ఎవరు చలానా రాశారు? బీఎన్ రోడ్డు మీద పోలీసు కనపడటమే అపురూపం. అయినా డిప్పరు కొట్టాం. పక్కవాడు చూస్తాడు, నలుగురిలో మాటొస్తుంది, ఎదురొచ్చేది ఎవరో తెలిసినవాడే అయి ఉంటాడన్న తలపు ఉండేది. ఇప్పుడు నల్లటి అద్దాలు, లోపల ఏసీ, పాటలు. బయట ఉన్నది మనిషన్న సంగతే తెలియడం లేదు.

మన ఉత్తరాంధ్ర పెద్దమనిషి ఎర్రన్నాయుడుగారు ఎలా పోయారు? 2012 నవంబరు 2, తెల్లవారుజాము, రణస్థలం దగ్గర ఆయన కారు ట్యాంకరుని గుద్దుకుంది. విశాఖలో పెళ్లికి వెళ్లి ఇంటికి పోతున్నారు. కేంద్రమంత్రిగా చేసిన మనిషి. ఆళ్లగడ్డ శోభానాగిరెడ్డి గారు 2014 ఎన్నికల ప్రచారం నుంచి తిరిగి వస్తుండగా జరిగిన ప్రమాదంలో పోయారు, బెల్టు పెట్టుకోలేదన్నారు. పేరున్నవాళ్లు కాబట్టి మనకి తెలిసింది. 2022లో ఈ దేశంలో రోడ్ల మీద పోయింది 1,68,491 మంది. అందులో బెల్టు పెట్టుకోకుండా పోయినవాళ్లు 16,715 మందని కేంద్రం లెక్క. మా చోడవరం లాంటి ఊళ్లు ఎన్ని ఖాళీ అయితే ఆ లెక్క వస్తుంది?

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నకార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గించారు. మళ్లీ చిన్నబండ్లు కొంటారేమో, సంతోషమే. కొనేవాడు మైలేజీ అడగనీ, తప్పులేదు, పెట్రోలు నూరు దాటి చాలా కాలమైంది. దాంతో పాటు గుద్ది చూసే పరీక్షలో ఎన్ని నక్షత్రాలొచ్చాయని కూడా అడగాలి. వెనక సీట్లో బెల్టులు సరిగ్గా ఉన్నాయా, పిల్లల సీటు బిగించడానికి కొక్కేలున్నాయా అని చూడాలి. షోరూములో రంగులు చూసే ఆ గంటలో ఐదు నిమిషాలు చాలు.

ఆ గుడి ముందు కుర్రాడి దగ్గరికి మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ బిళ్ల తియ్యమన్నాను. "అలాగేనండి" అన్నాడు. తీశాడో లేదో చూడలేదు, చూస్తాను.

నా మారుతి ఇంకా నడుస్తోంది. రాత్రిపూట దూరాలు మానేశాను. దాని డ్యాష్‌బోర్డు గూట్లో ఓ చుట్ట ఎర్ర రేడియం టేపు, ఓ కత్తెర పెట్టుకుంటాను. చెరకు సీజనులో సాయంత్రం వెంకన్నపాలెం దగ్గర టీ తాగడానికి ఆగిన ట్రాక్టర్లకి వెనక రెండేసి ముక్కలు అతికిస్తాను. పోయిన పుష్యమాసంలో ఒక కుర్రాడు, పద్దెనిమిది నిండాయో లేదో, టీ గ్లాసుతో వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"ఎంతివ్వాలి తాతా?"

"ఏమీ వద్దు. ముందు ఆ రేకు తుడువు, మట్టి మీద అతుక్కోదు."

వాడు గ్లాసు కింద పెట్టి, తలకి చుట్టిన తువ్వాలు విప్పి తుడిచాడు.